కొంగ మోకాలి లోతు గోదావరి

నేను నీటిపారుదల ఆఫీసులో గుమస్తాని. పదకొండేళ్లుగా ప్రతి ఉదయం భద్రాచలం నుంచి మా ఖమ్మం ఆఫీసుకు ఫోను వస్తుంది. గోదావరి నీళ్లు ఎన్ని అడుగులున్నాయో అక్కడి మనిషి చెబుతాడు, నేను రిజిస్టరులో రాస్తాను. వానాకాలంలో గంటగంటకూ, ఎండాకాలంలో రోజుకొకసారి. ఒక ఏడు పెద్ద వరద వచ్చినప్పుడు పెద్ద పెద్ద ఆఫీసర్లు నా బల్ల చుట్టూ నిలబడి, నేను ఏ అంకె రాస్తానా అని ఊపిరి బిగబట్టి చూశారు. ఆ రోజు నుంచి గోదావరి గురించి నాకంటే తెలిసినవాడు జిల్లాలో లేడని నాకు నమ్మకం కుదిరింది. గోదావరికి మాత్రం ఆ సంగతి తెలియదు.

పాపికొండల యాత్రకు లాంచీని ఎంచుకునే పని నామీద వేసుకున్నది ఆ నమ్మకంతోనే. ఏం జరిగిందో దాచకుండా చెబుతాను. మీలో ఎవరైనా వెళ్లదలిస్తే పనికొస్తుంది.

పెద్దలకు మాత్రమే

అంతకు ముందు ఏడాది ఆఫీసు వాళ్లమంతా కుటుంబాలతో పాలేరు రిజర్వాయరుకు వెళ్లాం. మా చిన్నవాడు పెరుగన్నం గిన్నెలో కాలు పెట్టాడు. డ్రాఫ్ట్స్‌మన్ యాకూబ్ భాయ్ కొడుకు అందరి చెప్పులనూ పడవలు చేసి కాలవలో వదిలాడు. పదకొండు కుటుంబాలు ఒట్టి కాళ్లతో ఖమ్మం చేరాయి. అందుకని ఈసారి పిల్లలు వద్దన్నాను. పెద్దవాళ్లమే మూడు రోజులు ప్రశాంతంగా వెళ్లి వద్దామన్నాను.

"ఏంది వెంకటేశ్వర్లు భాయ్, పెద్దలకు మాత్రమేనా?" అన్నాడు యాకూబ్ భాయ్ గట్టిగా. "గట్ల పోస్టరేస్తే టౌనంతా టికెట్లు కొంటది!"

మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ. ఆయన నవ్వితే ఆయన గీసే కాలవ నక్షాలు కూడా వంకరపోతాయని ఆఫీసులో అనుకుంటాం.

పిల్లల్ని వదిలి రావడానికి ఆడవాళ్లు ముందు ఒప్పుకోలేదు. ఆశ్చర్యంగా నా భార్య సులోచన మొదట ఒప్పుకుంది. మూడేళ్ల చిన్నవాణ్ణీ, పెద్దవాణ్ణీ ఖానాపురం హవేలిలో ఉన్న తన చెల్లెలింట్లో దింపి వచ్చింది. ఆమె తాత దుమ్ముగూడెం మనిషి. అడవిలో కొట్టిన వెదుళ్లను తెప్పలుగా కట్టి, వాటి మీదే వండుకుని తిని, గోదావరి మీద రాజమండ్రి దాకా తోలుకుపోయేవాడు. "రెండు కొండలూ దగ్గరికొచ్చే కాడ తలెత్తి చూస్తే ఆకాశం చీర అంచంతే కనపడుతది బిడ్డా" అని ఆమెకు చెప్పేవాడట. ఆ చోటు చూడాలని పెళ్లయిన కొత్తలో ఆమె నన్ను అడిగింది. ఇంక్రిమెంటు రానీ అన్నాను. తర్వాత పెద్దవాడు పుట్టనీ అన్నాను. తర్వాత ప్రమోషన్ అన్నాను. పద్నాలుగేళ్లలో ఆమె నన్ను మళ్లీ అడగలేదు. అడగడం లేదు కదా, మరచిపోయిందనుకున్నాను.

రేవులో రెండు లాంచీలు

ప్రయాణానికి పదిహేను రోజుల ముందు ఆఫీసు పని మీద కూనవరం వెళ్లాను. బయలుదేరేటప్పుడు సులోచన గుమ్మం దాకా వచ్చింది. "లాంచీ ఎంత లోతు నీళ్లల్ల నడుస్తదో అడగండి. ఇది వానకాలం కాదు" అంది. వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మంటే ఎలా తలూపుతానో అలాగే ఊపాను.

కూనవరం రేవులో రెండు లాంచీలు ఉన్నాయి. ఒకటి రెండంతస్తులది, పేరు నీలవేణి. ఒళ్లంతా నీలం రంగు, అంచులకు బంగారు రంగు. పై అంతస్తులో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, మైకు సెట్టు, నిలువుటద్దం. మరుగుదొడ్డికి తలుపుంది, తలుపుకు గడియ కూడా ఉంది. లాంచీ ఏజెంటు తెల్ల చొక్కా జేబులో దువ్వెన పెట్టుకుని నన్ను మెట్లెక్కించి చూపించాడు. "రాజుగారి మేడండీ బాబూ ఇది. దీని మీద ఎక్కినోళ్లు ఇంకో పడవ మొహం చూడరండి" అన్నాడు.

రెండోది తారు పూసిన నల్లటి చిన్న లాంచీ. పైన రేకు, లోపల చెక్క బల్లలు. దాన్ని నడిపే సరంగు గంగరాజు ఒడ్డున కూర్చుని పడవ పలకల సందుల్లో పీచు కుక్కుతున్నాడు. అరవై ఏళ్లుంటాయి. నేను అడగకముందే ఆయన నన్ను అడగడం మొదలుపెట్టాడు.

"ఎంతమందండి?"

"పద్దెనిమిది."

"ఏ రోజండి?"

"శివరాత్రి పోయినంక, రెండో శనివారం."

"ఇయ్యాల భద్రాచలం కాడ నీరెంతుందండి?"

నేను ఛాతీ విరిచి అంకె చెప్పాను. ఆయన మెల్లగా ఈల వేశాడు. "అప్పటికి ఇంకో మూరెడు తగ్గిపోద్దండి" అన్నాడు.

"మీ లాంచీకి మైకుందా?" అన్నాను.

"నా గొంతుందండి."

"కుర్చీలు?"

"గోదారిని చూడ్డానికి కుర్చీలెందుకండీ?"

నాకు ఒళ్లు మండింది. తిరిగి వెళ్లి నీలవేణికి బయానా ఇచ్చేశాను. లాంచీని ఎంచుకోవడానికి వెళ్లి పెళ్లి పందిరిని ఎంచుకుని వచ్చానన్న సంగతి అప్పుడు తట్టలేదు. ఇంటికొచ్చాక సులోచన, "లోతు అడిగిన్రా?" అంది.

"అన్నీ అడిగిన" అన్నాను.

అది అబద్ధం. ఈ యాత్రలో మిగతావి తప్పులు, అదొక్కటీ పాపం.

మొదటి రోజు: కిటికీ పక్క సీటు

ఖమ్మం బస్‌స్టాండులోనే నా ప్రశాంతత తెల్లారింది. కిటికీ సీట్ల కోసం పద్దెనిమిది మంది పెద్దవాళ్లు కొట్టుకున్నారు. మా సీనియర్ టైపిస్టు రాజ్యలక్ష్మి మేడం వచ్చే నెలలో రిటైరవుతోంది. ఆఫీసులో ఆవిడ కళ్లద్దాలు సవరించుకుంటే ఇంజనీర్లు కూడా గొంతు తగ్గిస్తారు. అలాంటావిడ పేపరు కిటికీలోంచి విసిరేసి సీటు ఆపుకుని, తీరా బస్సెక్కి చూస్తే ఆ పేపరు మీద యాకూబ్ భాయ్ కూర్చుని ఉన్నాడు.

"లేవండి, అది నా సీటు."

"పేరు రాసుందా మేడం?"

"పేపరుంది."

"పేపర్ల నా పేరుందేమో చూస్తున్న."

యాకూబ్ భాయ్ భార్య ఖైరున్ భాభీ ఆయన చెవి పట్టుకుని లేపేదాకా ఆ తగవు తెగలేదు. కొత్తగూడెం దాటేసరికి ఆవిడే సంచిలోంచి జామకాయలు తీసి ముక్కలు కోసి, ఉప్పూ కారం అద్ది, "అరే, ఇవి ఎవరికి కోసిన్నే?" అని తనే తెల్లబోయింది. పిల్లలు లేరన్న సంగతి ఆవిడ చేతులకు ఇంకా తెలియలేదు. క్షణంలో పద్దెనిమిది చేతులు చాచుకున్నాయి. పాల్వంచ దాటాక రోడ్డుకు రెండు వైపులా మోదుగులు ఆకులు రాల్చి ఎర్రగా పూసి ఉన్నాయి. ఒక మలుపు దగ్గర డ్రైవరు బస్సాపి టీ తాగుతుంటే, మావాళ్లు దిగి మోదుగుపూలు కోసి ఒకరి చెవిలో ఒకరు పెట్టుకున్నారు. కండక్టరు నన్ను పక్కకు పిలిచి, "సార్, వీళ్లను ఏ దవాఖానకు తోల్కపోతున్రు?" అని అడిగాడు.

భద్రాచలంలో సత్రంలో దిగాం. మేం దర్శనానికి వెళితే యాకూబ్ భాయ్ దంపతులు రేవు మెట్ల మీద మా చెప్పులకు కాపలా కూర్చున్నారు. పాలేరులో కొడుకు చేసిన దానికి అది తన శిక్ష అన్నాడాయన. మధ్యాహ్నం హోటల్లో నాలుగు రూపాయలకు ఆకు భోజనం. మా ఖమ్మంలో ఆ డబ్బుకు పప్పు, కూర, చారు వరకే. ఇక్కడ అదనంగా చింతచిగురు పచ్చడి, దాని మీద అడగకుండానే రెండోసారి నెయ్యి. వడ్డించే ముసలాయన ఆకు ఖాళీ అయితే తనకు అవమానమన్నట్టు చూశాడు. లేచేసరికి మాలో ఎవరికీ నడవడం చేతకాలేదు.

సాయంత్రం రేవులో సులోచన చీర కాస్త ఎత్తి పట్టుకుని నీళ్లలోకి నడిచింది. నడిచింది, నడిచింది, చాలా దూరం పోయింది. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి అరిచింది.

"ఇదుగో! ఇక్కడిదాక వచ్చిన. ఇంకా మోకాలు మునగలే!"

అందరూ నావైపు చూశారు. నేను రిజిస్టరు గొంతుతో, "ఇక్కడ గంతే ఉంటది. కింద శబరి కలుస్తది. నీకేం తెల్వదు, వచ్చెయ్" అన్నాను.

ఆమె వచ్చేసింది.

రెండో రోజు: మైకు నా చేతిలో

పొద్దున్నే కూనవరం చేరాం. నీలవేణిని చూసి మావాళ్లు కేకలు పెట్టారు. నన్ను భుజాల మీద ఎక్కించుకుంటారేమో అనిపించింది. రాజ్యలక్ష్మి మేడం నిలువుటద్దం ముందు నిలబడి జుట్టు సర్దుకుని, "వెంకటేశ్వర్లూ, ఉద్యోగంలో ఇన్నేళ్లకు ఒక మంచి పని చేశావయ్యా" అంది. నేను మురిసిపోయాను. మైకు నా చేతికి తీసుకున్నాను.

ఆ గంటన్నరా నా జీవితంలో అంత గర్వంగా ఎప్పుడూ లేను. "ఎడమ వైపు చూడండి, అది శబరి. కుడి వైపు చూడండి, అది అడవి" అని చెబుతున్నాను. చూసేవాళ్లకు కనపడనిదేదీ నేను చెప్పలేదు, అయినా అందరూ చప్పట్లు కొట్టారు. ఒడ్డున కోయపల్లెల వాళ్లు పనులాపి మమ్మల్ని చూశారు. మావాళ్లు చేతులూపారు. వాళ్లూ ఊపారు.

లాంచీ ముక్కు మీద ఒక మనిషి పొడవాటి వెదురు గడతో కూర్చుని ఉన్నాడు. గడను నీళ్లలో నిటారుగా దించి, దాని మీది గుర్తులు చూసి, వెనకున్న సరంగుకు వినపడేలా "నాలుగూ... నాలుగున్నరా... నాలుగూ..." అని రాగం తీస్తున్నాడు. ఆ రాగం నా ప్రసంగానికి అడ్డం వచ్చింది. ఏజెంటును పిలిచి, "ఆయన్ను కాసేపు ఆపమనండి" అన్నాను. ఏజెంటు ఆపమన్నాడు. గడ పక్కన పెట్టి ఆ మనిషి బీడీ ముట్టించాడు.

పదకొండేళ్లు లోతులు రాసి బతికినవాణ్ణి, లోతు చెప్పేవాడి నోరు నేనే మూయించాను. దీనికంటే వివరంగా ఒప్పుకోవడం నాకు చేతకాదు.

ఇంకాస్త ముందుకు పోయాక నది నడిమధ్యలో ఒక తెల్ల కొంగ నిలబడి కనిపించింది. సులోచన నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆ కొంగను చూసిన్రా?"

నేను మైకులోనే, "అందరూ ఎదురుగా చూడండి, తెల్ల కొంగ" అన్నాను.

"అది ఈదుతలేదు. నిలబడ్డది" అంది సులోచన. "కొంగ నిలబడ్డ కాడ లాంచీ పోతదా?"

ఆ మాట కూడా మైకులో వినపడింది. అందరూ గొల్లున నవ్వారు. వాళ్లు ఆమె మాటకు నవ్వారు. నేను మాత్రం నన్ను చూసి నవ్వారనుకున్నాను. "నోర్మూసుకుని కూసో. లాంచీ గురించి నాకు చెప్తవా?" అన్నాను. అదీ మైకులోనే అన్నాను.

కొంగ మావైపు చూసింది. ఎగరడానికి దానికి తొందరేమీ లేదు. లాంచీ బాగా దగ్గరికొచ్చాక, ఎవరో బల్ల తుడుస్తుంటే లేచే గుమస్తాలా విసుగ్గా లేచి, పది గజాల అవతల మళ్లీ నిలబడింది. మరుక్షణం నీలవేణి అడుగున బస్తా ఈడ్చినట్టు చప్పుడైంది. కుర్చీలన్నీ ఒక్కసారి ముందుకు జారాయి. యాకూబ్ భాయ్ అద్దానికి గుద్దుకుని తనకు తనే సలాం కొట్టాడు. ఇంజను రొప్పింది, దగ్గింది, ఆగిపోయింది.

ఇసుక తిన్నె మీద కుర్చీలాట

మగవాళ్లమంతా ప్యాంట్లు మడిచి దిగి తోశాం. నీళ్లు సరిగ్గా మోకాలి లోతు. ప్రభుత్వోద్యోగులం కదా, ఫైలు కదిలినంత కూడా లాంచీ కదల్లేదు. ఏజెంటు దువ్వెన తీసి తల దువ్వుకుని, "ఏదైనా లాంచీ వచ్చి లాగాలండి. ఇయ్యాలొస్తదో రేపొస్తదోనండి" అన్నాడు.

పక్కనే ఇసుక తిన్నె. ఎంత పెద్దదంటే మా ఖమ్మం పెవిలియన్ గ్రౌండ్లు రెండు పడతాయి. అందరం అక్కడికి చేరాం. కాసేపు మొహాలు వేలాడేశారు. తర్వాత ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఎర్ర కుర్చీలు ఒక్కొక్కటే లాంచీ దిగి ఇసుకలోకి వచ్చాయి. లాంచీలో మైకు పాట పెట్టడం, ఆపడం. చుట్టూ పరిగెత్తడం. పాట ఆగితే కూర్చోవడం. యాకూబ్ భాయ్ కూర్చున్న ప్రతి కుర్చీ ఇసుకలో దిగబడి, లేస్తే ఆయన వెంటే వచ్చేది. రాజ్యలక్ష్మి మేడం కళ్లద్దాలు చీర చెంగులో ముడేసుకుని, కొత్తగా పెళ్లయిన జూనియర్ అసిస్టెంటును భుజంతో ఒక్క తోపు తోసి గెలిచింది. "నెల రోజుల్లో ఎలాగూ నా కుర్చీ పోతుందయ్యా, ఇదైనా ఉండనీ" అంది.

ఆ నవ్వుల్లో నేనూ ఉన్నాను. సులోచన లేదు. తిన్నె చివర నిలబడి నది దిగువకు చూస్తోంది. దూరంగా కొండలు నీలంగా ఒకదానిమీద ఒకటి వాలి ఉన్నాయి. ఇంకో రెండు గంటల ప్రయాణం. పొద్దు నెత్తి మీదికి వస్తోంది. మధ్యాహ్నం దాటితే చూసి చీకటిలోగా తిరిగి రావడం కుదరదు. రేపు పొద్దున ఖమ్మం బస్సు, ఎల్లుండి ఆఫీసు. నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఇంకో పద్నాలుగేళ్లు.

దగ్గరికి వెళ్లాను. "ఎండల నిలబడ్డవేంది?" అన్నాను.

"మీరు లోతు అడగలే" అంది. అది ప్రశ్న కాదు.

తెల్ల గీత

అప్పుడే ఎగువ నుంచి టకటకమని చప్పుడు వినపడింది. గంగరాజు నల్ల లాంచీ. సంత నుంచి దిగువ ఊళ్లకు తిరిగి వెళ్లే జనం, కోళ్లు, రెండు మేకలు, ఉప్పు బస్తాలు. ముక్కు మీద గడ వేసే మనిషి ఆగకుండా లోతు పాడుతున్నాడు. గంగరాజు మా లాంచీకి దూరంగా చుట్టు తిరిగి, నాకు కనపడని ఏదో దారిలో సరాసరి తిన్నె పక్కకు వచ్చి ఆగాడు. నన్ను గుర్తుపట్టాడు.

"ఏవండీ, కుర్చీలు బాగున్నాయాండీ?"

నాకు తగిన శాస్తే. తల దించుకున్నాను. ఆయన మరో మాట అనకుండా, "ఎక్కండమ్మా, ఎక్కండి. ఈ జనాన్ని దింపేసి, కొండలు చూపించి, పొద్దుగూకే లోపు తెచ్చేస్తాను. ఒక్కొక్కళ్లే ఎక్కాలి" అన్నాడు.

లాంచీ పక్క చెక్క మీద ఆ చివర నుంచి ఈ చివరకు సున్నంతో ఒక తెల్ల గీత గీసి ఉంది. ఒక్కొక్క మనిషి ఎక్కుతుంటే గంగరాజు ఆ గీతనే చూస్తున్నాడు. మనిషి మనిషికీ నీళ్లు గీతకు దగ్గరవుతున్నాయి. నేను నాయకుణ్ణి కదా, ముందే ఎక్కి సులోచన పక్కన కూర్చున్నాను. పదహారో మనిషి ఎక్కగానే గీత తడిసింది. గంగరాజు చెయ్యెత్తాడు.

"ఇంతేనండి. గీత మునిగితే మీ నీలవేణి పక్కనే మనమూ కాపరం పెట్టాలి."

కింద ఇద్దరు మిగిలారు: రాజ్యలక్ష్మి మేడం, యాకూబ్ భాయ్.

"నా సంగతి వదిలెయ్యండి. నేనెక్కాలంటే మేకలతో సహ నలుగురు దిగాలె" అన్నాడు యాకూబ్ భాయ్. ఖైరున్ భాభీ లేవబోతే, "నువ్వు పో. వచ్చినంక చెప్దువు. ఎట్లాగూ నువ్వు చెప్పేదే నేను వింట" అని కూర్చోబెట్టాడు.

మేడం కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ ఆఫీసు మనిషైపోయింది. ఆవిడ ఎక్కాలంటే ఒకరు దిగాలి. లాంచీలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. నేను కొండల వైపు చూశాను. నిజం చెబుతున్నాను, దిగాల్సింది నేనేనని నాకు తోచలేదు. జూనియర్ అసిస్టెంటు కుర్రవాడు కదా, వాడు దిగితే బాగుండునని మాత్రం అనుకున్నాను.

అప్పుడు సులోచన లేచింది. "మేడం, మీరు రండి. నేను దిగుత" అని చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

ఆ మాట వినపడ్డాక ఎలా దిగానో నాకు గుర్తులేదు. గట్టు మీదికి కాకుండా నీళ్లలోకి దూకాను. ఒక చెప్పు గోదావరి తీసుకుంది. నీళ్లలో నిలబడే అందరికీ చెప్పాను. "ఆమె లోతు అడగమన్నది. నేనడగలే. అడిగినని అబద్ధం చెప్పిన. గడ వేసేటాయన్ను ఆపింది నేనే. నీళ్లు తగ్గుతున్నయని రోజూ పొద్దున్నే రిజిస్టర్ల రాసింది గూడ నేనే. మేడం, మీరెక్కండి."

లాంచీలో మేక ఒకటి అరిచింది.

"దాంక్కూడా సమజైంది భాయ్" అన్నాడు యాకూబ్ భాయ్.

లాంచీ అంతా నవ్వులతో ఊగిపోయింది. గంగరాజు "ఊగకండి, గీత, గీత!" అని అరిచాడు. మేడం ఎక్కింది. లాంచీ కదులుతుంటే సులోచన నావైపు చూసింది. నవ్వలేదు, కోపంగానూ లేదు. నా ఒంటి చెప్పు వైపు చూసి, "అదన్న జాగ్రత్త" అంది.

మిగిలినవాళ్ల మధ్యాహ్నం

యాత్రలో నేను చూసిన ప్రాంతం ఇక ఈ తిన్నె ఒక్కటే, కాబట్టి దీని గురించి బాగా చెప్పగలను.

తిన్నె అవతలి అంచున ఒక కోయ కుటుంబం పుచ్చపాదులు వేసింది. భార్యాభర్తలు, ఇద్దరూ ముసలివాళ్లు. ఇసుకలో చెలమ తవ్వి ఆ నీళ్లే పాదులకు పోస్తున్నారు. పుచ్చకాయ అడిగితే ముసలాయన ఇసుకలో పాతిపెట్టినదొకటి తీసి మోకాలికేసి కొట్టి రెండు చెక్కలు చేశాడు. చల్లగా ఉంది. ధర అడిగితే, "కోస్తే ధర. నేను పగలగొట్టిన గదా" అన్నాడు. మా ఊళ్లో బజారులో గాటు పెట్టి చూపించినందుకే కొనాలంటారు.

తర్వాత సొరబుర్రలోంచి తాడి లాంటి జీలుగు చెట్టు కల్లు వచ్చింది. ముసలాయన ఆకు దొప్పలో పోసి ముందు ముసలామెకిచ్చాడు. ఆమె తాగి బాగుందన్నాకనే మిగతావాళ్లకు. ఖమ్మంలో మా గుమస్తాలు కల్లు తాగితే ముందు తలుపు వేస్తారు, తర్వాత తమలపాకు నములుతారు, భార్యకు తెలియదనుకుంటారు. ఇక్కడ భార్య సరే అంటేగాని మొగుడి గొంతు తడవదు. యాకూబ్ భాయ్ వద్దని పుచ్చకాయతో సరిపెట్టుకున్నాడు. నేను రెండు దొప్పలు తాగాను. రాయకుండా దాటేద్దామనుకున్నాను, కానీ అన్నీ చెబుతానని మొదటే అన్నాను.

ముసలామె తిన్నె మీద ఉన్న ఎర్ర కుర్చీలను చూసింది.

"పిల్లలేరి?"

"ఇంట్ల పెట్టొచ్చినం."

"మరి కుర్చీల కాడ ఉరికింది ఎవలు?"

"మేమే."

ఆమె ముసలాయనకు తమ భాషలో ఏదో చెప్పింది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఏమందని అడిగితే ముసలాయన కళ్లు తుడుచుకుంటూ, "ఆడుకునేటోల్లు వచ్చిన్రు, పిల్లల్ని పెద్దతనం చెయ్యమని ఇండ్ల కాడ పెట్టిన్రు అంటది" అన్నాడు.

లాంచీ ఎలా దిగబడిందో చెప్పాను. ఆయన మధ్యలోనే, "కొంగ చెప్పలేదా?" అన్నాడు.

"చెప్పింది. మా ఆవిడ గూడ చెప్పింది."

"ఇద్దరు చెప్పిన్రా!" అని ఆయన నాకు మూడో దొప్ప పోశాడు. జాలిపడే పోసి ఉంటాడు.

చీర అంచు

పొద్దు వాలుతుండగా నల్ల లాంచీ తిరిగొచ్చింది. అది కనపడటానికి ముందే దాని మీది నవ్వులు, కేకలు వినపడ్డాయి. గంగరాజు మోకు కట్టి నీలవేణిని వెనక్కి ఒక్క లాగు లాగితే, మేమెవ్వరమూ లేని ఆ తేలిక మేడ ఇసుక వదిలి నీళ్లలోకి జారింది.

సులోచన అందరికంటే ముందు దిగింది. జుట్టు చెదిరిపోయింది, చీర మోకాళ్ల దాకా తడిసింది. పద్నాలుగేళ్లలో ఆమెను అలా చూడలేదు. పరిగెత్తుకుంటూ వచ్చి నా ముందు ఆయాసపడుతూ నిలబడింది.

"ఎట్లుంది?" అన్నాను.

చెప్పడానికి నోరు తెరిచింది. నవ్వింది. తర్వాత నన్ను ఇసుకలో కూర్చోమంది. తన చీర అంచు రెండు చేతుల్లో అడ్డంగా పట్టుకుని నా తల మీదుగా ఎత్తి సాగదీసింది. నీలం అంచు, వేలెడు వెడల్పు.

"తలెత్తండి" అంది. "గింతే ఆకాశం. ఇటు కొండ, అటు కొండ. తాత అబద్ధం చెప్పలే."

చాలాసేపు అలాగే పట్టుకుంది. ఆమె చేతులు వణికేదాకా నేను తలెత్తే ఉన్నాను. "ఖైరున్, నువ్వు గూడ నాకట్ల చూపియ్యవా?" అని యాకూబ్ భాయ్ వెనక నుంచి అన్నాడు. "నీకైతే దుప్పటి పట్టాలె" అంది ఖైరున్ భాభీ, "అదీ ఇద్దరు పట్టాలె."

సోమవారం పొద్దున భద్రాచలం నుంచి ఫోను వచ్చింది. అంకె రాసుకున్నాను. రాసుకుని, పదకొండేళ్లలో మొదటిసారి ఇంకో ప్రశ్న అడిగాను.

"అక్కడ నది మధ్యల కొంగలేమన్న నిలబడ్డయా?"

"సార్, మీకు ఒంట్ల బాగుందా?" అన్నాడతను. తర్వాత కిటికీలోంచి చూసినట్టున్నాడు. "ఉన్నయి సార్. మూడు."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లగానే ఆ సంగతి సులోచనకు చెప్పాను. ఇప్పుడు రోజూ చెబుతున్నాను.

మీరు గోదావరి మీదికి వెళ్లేటట్టయితే లాంచీకి మైకుందా, కుర్చీలున్నాయా అని అడగకండి. ఎంత నీళ్లలో నడుస్తుందో అడగండి. గడ వేసే మనిషి పాడుతుంటే పాడనివ్వండి. పాపికొండలు ఎలా ఉంటాయని మాత్రం నన్ను అడగకండి, నేను చూడలేదు. మా ఇంటికి రండి. కూర్చుని తలెత్తితే సులోచన చూపిస్తుంది.